చాక్లెట్ నట్ కుకీలు: రోల్ చుట్టడం నుంచి డబ్బాలో దాచడం దాకా పాఠకుల ప్రశ్నలు

పిండిని రోల్‌గా చుట్టి, ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చి, బిళ్ళలుగా కోసి బేక్ చేసుకునే చాక్లెట్ నట్ కుకీల గురించి వచ్చిన ఉత్తరాలను ఈసారి ఒక్కచోట చేర్చాము. ఉత్తరాలు రాసినవారిలో ఒక్కొక్కరి కొలత ఒక్కో విధంగా ఉన్నందువల్ల, సమాధానాలన్నీ ఒకే కొలత మీద ఆధారపడి ఉండడం మంచిదనిపించి, నేను ఇంట్లో వాడే కొలతను ముందుగా చెబుతున్నాను. ఉప్పు లేని వెన్న 150 గ్రాములు, పొడి చేసిన పంచదార 110 గ్రాములు, గుడ్డు పచ్చసొన ఒకటి, వెనిల్లా ఎసెన్స్ ఒక టీస్పూను, మైదా 190 గ్రాములు, కోకో పొడి 30 గ్రాములు, ఉప్పు పావు టీస్పూను, వేయించి తరిగిన బాదం లేదా వాల్‌నట్ లేదా హేజెల్‌నట్ 100 గ్రాములు కావాలి. మెత్తబడిన వెన్నను, పంచదారను ఒక నిమిషం పాటు కలిపి, పచ్చసొన, వెనిల్లా చేర్చి, మైదా, కోకో, ఉప్పు కలిపి జల్లించిన పొడిని అందులో పోసి, పొడి జాడ కనబడకుండా పోయేంతవరకు మాత్రమే కలిపి, చివరగా గింజలు వేయాలి. ఆ ముద్దను రెండు భాగాలు చేసి, ఒక్కొక్క భాగాన్ని సుమారు 4.5 సెంటీమీటర్ల వ్యాసం, 16 సెంటీమీటర్ల పొడవు ఉండే రోల్‌గా చుట్టి, కనీసం 3 గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. తరువాత 7 మిల్లీమీటర్ల మందాన బిళ్ళలు కోసి, 170 డిగ్రీల సెల్సియస్ దగ్గర 12 నుంచి 14 నిమిషాలు బేక్ చేస్తే, రెండు రోల్స్‌కూ కలిపి 44 కుకీల వరకు వస్తాయి.

ప్రశ్న: రోల్ చక్కగా గట్టిపడింది. కానీ చాకు దించగానే బిళ్ళ రెండుగా, మూడుగా విరిగిపోతున్నది. బాదం పప్పులను సగానికి విరిచి వేశాను. రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచాను. ఇంకా ఎంతసేపు ఉంచితే విరగకుండా వస్తాయి?

జవాబు: ఇంకా ఎక్కువసేపు ఉంచవలసిన అవసరం లేదండీ, నిజానికి మీరు ఉంచినదే ఎక్కువయింది. ఫ్రీజర్‌లో రాత్రంతా ఉన్న వెన్న రాయిలా గట్టిపడి, కోతకు లొంగకుండా పెళుసుగా విరుగుతుంది. ఫ్రీజర్ నుంచి తీసిన రోల్‌ను 10 నుంచి 15 నిమిషాలు బయట పెట్టి, బొటనవేలితో నొక్కి చూడండి. వేలి గుర్తు సన్నగా పడాలి, వేలు మాత్రం లోపలికి దిగకూడదు. కోయడానికి సరైన సమయం అదే. ఫ్రిజ్ కింది అరలో ఉంచిన రోల్‌కైతే ఈ నిరీక్షణ కూడా అక్కరలేదు.

అయితే మీ ఇబ్బందికి అంతకన్నా పెద్ద కారణం సగానికి విరిచిన ఆ బాదం పప్పు. చాకు మెత్తని పిండిలో సాఫీగా దిగుతూ వచ్చి గింజకు తగలగానే ఆగుతుంది, చేయి తెలియకుండానే ఇంకొంచెం బలం పెడుతుంది. గింజ తెగదు, ఉన్నచోటనే పక్కకు ఒరుగుతుంది, ఒరుగుతూ తన చుట్టూ ఉన్న పిండిని నెట్టేస్తుంది. ఆ గింజ దగ్గర మొదలైన బీట బిళ్ళ అంచు దాకా పాకుతుంది. ఈసారి విరిగిన బిళ్ళ ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి, బీటలన్నీ ఏదో ఒక గింజ దగ్గరే మొదలై ఉంటాయి. బిళ్ళ మందమే 7 మిల్లీమీటర్లు అయినప్పుడు అందులో ఇమిడే గింజ ముక్క మిరియపు గింజంత, అంటే 4 లేదా 5 మిల్లీమీటర్లకు మించకుండా ఉండాలి. తరిగిన తరువాత జల్లెడలో వేసి, అడుగున చేరిన సన్నని పొడిని తీసివేయండి, ఎందుకంటే ఆ పొడి కూడా పిండితో సమానంగా తేమను పీల్చుకుని ముద్దను పొడిబారేలా చేస్తుంది.

గింజలను తప్పనిసరిగా వేయించమని చెప్పడం కూడా రుచి కోసం మాత్రమే కాదు. పచ్చి బాదం చాకు కింద సాగుతుంది, వేయించినది పుటుక్కున తెగుతుంది. 170 డిగ్రీల ఓవెన్‌లో 8 నుంచి 10 నిమిషాలు, మధ్యలో ఒకసారి కలియబెట్టి వేయిస్తే చాలు. వాల్‌నట్ అయితే వేడిగా ఉండగానే పొడి బట్టలో వేసి నలిపితే చేదుగా ఉండే పై పొర కొంత రాలిపోతుంది. ఏ గింజ అయినా పూర్తిగా చల్లారిన తరువాతే పిండిలో కలపాలి, లేకపోతే ఆ వేడికి వెన్న కరగడం మొదలవుతుంది.

మీరు మైదాను కప్పుతో కొలిచారని రాశారు. ఒకే కప్పులో మైదాను చెంచాతో వదులుగా నింపితే 120 గ్రాములు పడుతుంది, కప్పును డబ్బాలో ముంచి తీస్తే 150 గ్రాముల దాకా పడుతుంది. రెండు కప్పులకు 60 గ్రాముల తేడా వస్తే ఆ ముద్ద పొడిగా ఉండి విరగక ఏం చేస్తుంది? ఈ ఒక్క వంటకానికైనా చిన్న తూకం యంత్రం వాడమని నా మనవి. ముద్ద ఇప్పటికే పొడిగా ఉంటే ఒక టీస్పూను పాలు చల్లి, చేత్తో దగ్గరకు నొక్కి, మళ్ళీ చుట్టండి.

చాకు పలుచని రేకుతో పదునుగా ఉండాలి. ఒక్క ఊపున నిలువుగా దించి, నాలుగైదు బిళ్ళలకు ఒకసారి రేకును తుడవండి. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒకటి రెండు బిళ్ళలు విరుగుతాయి, వాటిని పారేయకండి. ట్రే మీద ముక్కలను దగ్గరకు చేర్చి, వేళ్ళ వెచ్చదనం తగిలేలా అతుకు మీద నొక్కితే కలిసిపోతాయి. బేక్ అయిన తరువాత ఆ అతుకు ఎక్కడ ఉందో మీకే కనబడదు.

ప్రశ్న: బిళ్ళలు గుండ్రంగా కోసి పెట్టాను. ఓవెన్‌లో అవి పల్చగా పరుచుకుని ఒకదానికొకటి అతుక్కుపోయాయి. మొదటి ట్రే కొంత నయం, రెండో ట్రే మరీ ఘోరం. మైదా పెంచమంటారా?

జవాబు: మైదా పెంచకండి, దానివల్ల కుకీ పరుచుకోకపోవచ్చు గాని తినేటప్పుడు గొంతులో పిండి పట్టుకున్నట్లు ఉంటుంది. రెండో ట్రే మరీ ఘోరమని మీరు రాసిన వాక్యంలోనే సగం సమాధానం దొరుకుతుంది. ఈ అనుభవం నాకూ ఉంది. నేను మొదట్లో ఒకే ట్రేతో చేసేదాన్ని. మొదటి విడత తీసిన వెంటనే, సమయం కలిసివస్తుందని అదే వేడి ట్రే మీద రెండో విడత బిళ్ళలు పేర్చాను. ట్రేను ఓవెన్‌లో పెట్టకముందే బిళ్ళల అడుగు అంచులు మెరవడం కనబడింది, అంటే వెన్న అప్పుడే కరిగిపోతోందన్న మాట. ఆ రోజు 22 కుకీలకు బదులు ట్రేకు సరిపడా ఒకే పెద్ద రేకు వచ్చింది. అప్పటినుంచి రెండు ట్రేలు లేనప్పుడు, వేడి ట్రేను చల్లని నీటి కింద పెట్టి, తుడిచి, పూర్తిగా చల్లారిన తరువాతే వాడుతున్నాను.

జరుగుతున్నది ఏమిటో అర్థమైతే మిగిలిన జాగ్రత్తలు వాటంతట అవే తోస్తాయి. వెన్న 32 నుంచి 35 డిగ్రీల మధ్య పూర్తిగా కరుగుతుంది. బిళ్ళ ఓవెన్‌లోకి వెళ్ళిన తొలి నిమిషాల్లో రెండు పనులు పోటీపడి సాగుతాయి. ఒకవైపు వెన్న కరిగి బిళ్ళ జారడానికి చూస్తుంది, మరోవైపు పిండి, పచ్చసొన వేడికి గట్టిపడి దాన్ని నిలబెట్టడానికి చూస్తాయి. బిళ్ళ చల్లగా వెళ్తే వెన్న ఆలస్యంగా కరుగుతుంది, ఈలోగా అంచులు బిగుసుకుంటాయి. బిళ్ళ మెత్తగా వెళ్తే వెన్నే ముందు కరుగుతుంది. అందుకే కోసిన బిళ్ళలను ట్రే మీద పేర్చిన తరువాత, ఆ ట్రేతో సహా మరో 10 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టడం నేను ఎప్పుడూ మానను. ఓవెన్ కూడా పూర్తిగా వేడెక్కి ఉండాలి. దీపం ఆరినంత మాత్రాన లోపల అంతటా 170 డిగ్రీలు ఉన్నట్లు కాదు, ఇంకో 10 నిమిషాలు ఆగడం మంచిది. చాలా ఇంటి ఓవెన్లలో మీట మీద చూపే అంకెకూ, లోపలి వేడికీ తేడా ఉంటుంది కాబట్టి, లోపల వేలాడదీసే చిన్న థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే అది ఎన్నో ట్రేలను కాపాడుతుంది.

ఇక కలిపే దశ గురించి. మీరు వెన్నను, పంచదారను బీటర్‌తో తెల్లగా నురగలా వచ్చేవరకు 6 నిమిషాలు గిలకొట్టారని రాశారు. కేకుకు అది అవసరం, ఇక్కడ మాత్రం చేటు. అలా ఎక్కించిన గాలి ఓవెన్‌లో ఉబ్బి, తరువాత కూలి, కుకీ ఆకారాన్ని చెడగొడుతుంది. వెన్న 18 నుంచి 20 డిగ్రీల దగ్గర, అంటే వేలు నొక్కితే గుంట పడుతూ, ఉపరితలం మాత్రం జిడ్డుగా మెరవకుండా ఉన్నప్పుడు తీసుకుని, రెండూ కలిసేంతవరకు చెక్క గరిటెతో కలిపితే సరిపోతుంది. పంచదార కూడా పొడి చేసినదే వాడండి. పలుకు పంచదార ఓవెన్‌లో ఆలస్యంగా కరిగి, పాకంగా మారి పిండిని వెడల్పుకు లాగుతుంది. పొడి పంచదారతో అంచు నిటారుగా నిలిచి, కుకీ నోట్లో ఇసుకలా విడిపోయే గుల్లదనంతో వస్తుంది.

ప్రశ్న: పిండి ముందే నల్లగా ఉంటుంది కదా, వేగిందో మాడిందో ఎలా తెలుస్తుంది?

జవాబు: రంగును నమ్ముకోలేని ఈ కుకీకి మెరుపే ఆనవాలు. పచ్చి బిళ్ళ ఉపరితలం తడిగా మెరుస్తూ ఉంటుంది, ఉడికే కొద్దీ ఆ మెరుపు అంచుల నుంచి నడిమికి తగ్గుతూ వస్తుంది. నడుమ రూపాయి బిళ్ళ కన్నా చిన్న మచ్చ మేర మాత్రమే తడి మిగిలినప్పుడు ట్రే తీసేయాలి. ఆ సమయంలో అంచును వేలితో మెల్లగా తాకితే గట్టిగా, నడుమ తాకితే మెత్తగా ఉంటుంది. ఆ మెత్తదనం చూసి భయపడి మళ్ళీ లోపల పెట్టడమే చాలామంది చేసే పొరపాటు. వేడి ట్రే మీద కుకీ ఇంకా ఉడుకుతూనే ఉంటుంది, చల్లారేకొద్దీ వెన్న మళ్ళీ గట్టిపడి కుకీకి కరకరలాడే గుణం వస్తుంది. కాబట్టి 5 నిమిషాలు ట్రే మీదనే వదిలి, తరువాత తీగల స్టాండు మీదకు మార్చండి. వాసన కూడా సాయపడుతుంది. కమ్మని చాక్లెట్ వాసన ఇల్లంతా నిండినప్పుడు సమయం దగ్గరపడినట్లు, అందులో చేదు ఘాటు కలిసిందంటే దాటిపోయినట్లు.

ఫ్యాన్ తిరిగే ఓవెన్ అయితే 20 డిగ్రీలు తగ్గించి 150 దగ్గర పెట్టండి. నల్లని ట్రే వేడిని ఎక్కువగా పీల్చి కుకీల అడుగును త్వరగా మాడుస్తుంది, లేత రంగు ట్రే మీద బేకింగ్ పేపర్ పరచడం క్షేమం. మైనపు పూత ఉన్న కాగితాన్ని మాత్రం ఓవెన్‌లో వాడకూడదు.

ప్రశ్న: కోకో పొడిలో మామూలుది, డచ్ ప్రాసెస్ది అని రెండు రకాలు ఉంటాయని చదివాను. దేన్ని వాడాలి? కోకోకు బదులు కరిగించిన చాక్లెట్ వేయవచ్చా? మీ కొలతలో సోడా ఎందుకు లేదు?

జవాబు: కోకో గింజల ముద్ద నుంచి కోకో వెన్నను పిండి తీసే యంత్రానికి 1828లో నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ హౌటెన్ కుటుంబం పేటెంట్ పొందింది. వెన్న తీసిన తరువాత మిగిలిన గట్టి చెక్కను పొడి చేస్తే వచ్చేదే కోకో పొడి. సహజంగా ఇది పుల్లని గుణం కలది. అదే కుటుంబానికి చెందిన కూన్రాడ్ వాన్ హౌటెన్ దీన్ని క్షారంతో శుద్ధి చేసే పద్ధతిని ప్రవేశపెట్టాడు. ఆ పద్ధతిలో పులుపు తగ్గి, రంగు ముదిరి, రుచి మృదువుగా మారుతుంది. డచ్ ప్రాసెస్ అన్న పేరు దానికి అలా వచ్చింది.

కేకుల్లో ఈ తేడాకు చాలా ప్రాధాన్యం ఉంటుంది, ఎందుకంటే బేకింగ్ సోడా పనిచేయడానికి ఏదో ఒక పులుపు కావాలి. మామూలు కోకో ఆ పులుపును ఇస్తుంది, డచ్ ప్రాసెస్ కోకో ఇవ్వదు. మన కుకీ పొంగవలసిన అవసరమే లేదు. పొంగితే కోసిన అంచు గుండ్రబడుతుంది, ఆకారం సడలుతుంది. సోడాను వదిలేయడానికి కారణం అదే, సోడా లేదు కాబట్టి రెండు కోకోలలో మీకు ఇష్టమైనది వాడుకోవచ్చు. నా వరకు, వాల్‌నట్ వేసినప్పుడు డచ్ ప్రాసెస్, బాదం వేసినప్పుడు మామూలు కోకో వాడతాను. వాల్‌నట్‌లో ఉన్న కొద్దిపాటి చేదుకు కోకో పులుపు కూడా తోడైతే రుచి పదునెక్కుతుందని నా అభిప్రాయం. అర టీస్పూను ఇన్‌స్టంట్ కాఫీ పొడిని వెనిల్లాలో కరిగించి వేస్తే కాఫీ రుచి విడిగా తెలియకుండానే చాక్లెట్ రుచి చిక్కబడుతుంది.

కరిగించిన చాక్లెట్‌ను కోకోకు బదులుగా అదే తూకంలో వేయకూడదు. చాక్లెట్‌లో పంచదార, కోకో వెన్న కూడా ఉంటాయి గనుక పిండి జారుగా మారి బిళ్ళ పరుచుకుంటుంది. చాక్లెట్ ముక్కలు నోటికి తగలాలని ఉంటే కోకోను అలాగే ఉంచి, 50 గ్రాముల డార్క్ చాక్లెట్‌ను గింజలంత సన్నగా తరిగి వాటితోపాటు కలపండి. పెద్ద ముక్కలైతే, పైన గింజల విషయంలో చెప్పిన ఇబ్బందే ఇక్కడా ఎదురవుతుంది.

ప్రశ్న: మేము గుడ్డు తినము. పచ్చసొన మానేస్తే సరిపోతుందా?

జవాబు: పూర్తిగా మానేస్తే ముద్ద దగ్గరకు రాదు. పచ్చసొన స్థానంలో ఒక టేబుల్ స్పూను చల్లని పాలు పోయండి. కుకీ ఇంకొంచెం గుల్లగా వస్తుంది, రుచిలో లోటేమీ ఉండదు. కోయడానికి ముందు ఇంకో గంట ఎక్కువ ఫ్రిజ్‌లో ఉంచండి. ఒక మాట అందరికీ చెప్పాలి. గుడ్డు లేదు కదా అని పచ్చి పిండిని పిల్లల చేత నాకించకండి. వేడి చేయని మైదాలో కూడా జబ్బు చేసే సూక్ష్మక్రిములు ఉండే అవకాశం ఉంది.

ప్రశ్న: రోల్ అడుగు భాగం ఫ్రిజ్‌లో చదునుగా అయిపోయి, కుకీలు గుర్రపు నాడాల్లా వస్తున్నాయి. నడుమ చిన్న చిల్లులు కూడా పడుతున్నాయి.

జవాబు: చిల్లులు చుట్టేటప్పుడు లోపల మిగిలిన గాలి వల్ల పడతాయి. ముద్దను ముందుగా అరచేత్తో గట్టిగా నొక్కి దిమ్మెలా చేసి, ఆ తరువాతే దొర్లించండి. బేకింగ్ పేపర్ మీద రోల్‌ను ఉంచి, కాగితాన్ని పైనుంచి మడిచి, మడత దగ్గర స్కేలు అంచును ఆనించి, రోల్ కిందికి నెడుతూ కాగితపు రెండో కొసను మీ వైపు లాగితే పిండి బిగుసుకుని నున్నగా వస్తుంది. అడుగు చదునుగా కాకుండా ఉండాలంటే, కిచెన్ టవల్ చుట్ట అయిపోయిన తరువాత మిగిలే అట్ట గొట్టాన్ని పొడవునా చీల్చి, రోల్‌ను అందులో పడుకోబెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. అది లేకపోతే మొదటి గంటలో ప్రతి 15 నిమిషాలకు ఒకసారి రోల్‌ను దొర్లించినా సరిపోతుంది. కోసేటప్పుడు కూడా ప్రతి మూడు నాలుగు బిళ్ళలకు రోల్‌ను పావు వంతు తిప్పాలి, లేకపోతే చాకు బరువంతా ఒకే వైపు పడి ఆ వైపు అణిగిపోతుంది. గుండ్రదనం మీద మరీ పట్టింపు లేనివారు, రోల్‌ను నాలుగు వైపులా చదును చేసి చదరపు కుకీలుగా కోసుకుంటే ఈ బాధే ఉండదు, చూడడానికీ ముచ్చటగా ఉంటాయి.

ప్రశ్న: అతిథులు వచ్చినప్పుడు అప్పటికప్పుడు కోసి బేక్ చేయాలని ఉంది. పిండి ఎన్నాళ్ళు నిలవ ఉంటుంది?

జవాబు: ఈ కుకీలోని గొప్ప సౌకర్యం అదేనండీ. ఫ్రిజ్‌లో 3 రోజులు, ఫ్రీజర్‌లో 2 నెలల వరకు బాగుంటుంది. ఒక రోజు ఆగిన పిండి అప్పుడే కలిపిన పిండి కన్నా రుచిగా ఉంటుందని కూడా నా అనుభవం. మైదా, కోకో తేమను నిదానంగా పీల్చుకుని సర్దుకుంటాయి, బిళ్ళ కూడా నున్నగా తెగుతుంది. వెన్న చుట్టుపక్కల వాసనలను ఇట్టే పట్టేస్తుంది కాబట్టి రోల్‌ను క్లింగ్ ఫిల్మ్‌లో రెండు పొరలు చుట్టి, మూత గట్టిగా ఉండే డబ్బాలో పెట్టండి. పైన తేదీ రాసిన కాగితం అంటించండి. ఫ్రీజర్‌లో రెండు రోల్స్ ఉంటే, అవసరమైన ఆరు బిళ్ళలు కోసుకుని మిగిలినది వెంటనే చుట్టి లోపల పెట్టేయవచ్చు. రోల్ మొత్తాన్ని కరగనిచ్చి, మళ్ళీ గడ్డ కట్టించడం మాత్రం వద్దు.

ప్రశ్న: మా ఇంటికి వచ్చే ఒక బాబుకు బాదం, వాల్‌నట్, హేజెల్‌నట్ వంటి గింజలు పడవు. వాటికి బదులు ఏం వేయవచ్చు?

జవాబు: గుమ్మడి గింజల పప్పు బాగా నప్పుతుంది, వేయించి, తరిగి అదే తూకంలో వేయండి. పొద్దుతిరుగుడు గింజలు కూడా వాడవచ్చు. సోడా ఉన్న పిండిలో వాటి చుట్టూ పచ్చరంగు పట్టడం చూసి కొందరు బూజు అనుకుంటారు గాని, ఆ గింజలలో సహజంగా ఉండే ఒక పదార్థం క్షారంతో కలిసినప్పుడు వచ్చే రంగు అది, హాని లేదు. మన పిండిలో సోడా లేదు కాబట్టి ఆ సంగతి మీకు ఎదురుకాకపోవచ్చు. కానీ పదార్థం మార్చినంత మాత్రాన పని పూర్తి కాదు. గింజలు తరిగిన పీట, చాకు, జల్లెడ, ట్రే అన్నీ సబ్బుతో కడిగి ఉండాలి. గింజల కుకీలు, ఇవీ ఒకే రోజు చేయకుండా ఉండడం మేలు. కొనే గింజల పొట్లం మీద, చాక్లెట్ పొట్లం మీద రాసిన హెచ్చరికలను చదవండి. ఆ బాబు తల్లిదండ్రులకు పదార్థాలన్నీ ముందుగా చెప్పి, వారు సరేనన్న తరువాతే పెట్టండి.

ప్రశ్న: మొదటి రోజు కరకరలాడిన కుకీలు మూడో రోజుకు మెత్తబడ్డాయి. మళ్ళీ బాగుచేయవచ్చా?

జవాబు: చేయవచ్చు. 150 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు వేడి చేసి, తీగల స్టాండు మీద పూర్తిగా చల్లారనిస్తే మళ్ళీ కరకరలాడతాయి. మెత్తబడడానికి కారణం తేమ. గోరువెచ్చగా ఉండగానే డబ్బాలో పెడితే ఆ ఆవిరే మూతకు పట్టి తిరిగి కుకీల మీదకు దిగుతుంది. కనీసం గంటసేపు చల్లారనివ్వండి. కేకు ముక్కలు గాని, మరే మెత్తని తినుబండారం గాని ఉన్న డబ్బాలో వీటిని కలిపి పెట్టకండి, అందులోని తేమ వీటిలోకి చేరుతుంది. విడిగా, గాలి చొరని డబ్బాలో ఉంచితే వారం రోజులు బాగుంటాయి. ఆ తరువాత గింజలలోని నూనె పాతబడి ఒక రకమైన ముక్క వాసన వేయడం మొదలవుతుంది, దాన్ని ఓవెన్ కూడా పోగొట్టలేదు. అందుకే 44 కుకీలూ ఒకేసారి బేక్ చేయకుండా, ఒక రోల్‌ను ఫ్రీజర్‌లో ఉంచుకోమని చెబుతాను.